జెల్ల అరుపు ముల్లుదా, గాలితిత్తిదా?

సుంకేసుల గట్టు:
ఆదివారం ఉదయం సుంకేసుల ఆనకట్ట దిగువన తుంగభద్రలో వల తీస్తున్నవారి దగ్గర జెల్లలు కొన్నాను. ఒకదాన్ని వీపు దగ్గర పట్టి ఎత్తగానే నూనె లేని తలుపు బందులా ‘కిర్రు కిర్రు’మన్నది. అది కడుపులోని గాలితిత్తి శబ్దమని వలవాళ్లు, రెక్క ముల్లు శబ్దమని మా తమ్ముడు అక్కడే వాదనకు దిగారు. తెలిసినవారు తేల్చగలరు.

విశ్రాంత అధ్యాపకుడు, కర్నూలు:
మీ తమ్ముడిదే సరైన మాట. జెల్లకు మొప్పల వెనుక ఉండే రెక్కలో మొదటి పుల్ల గట్టి ముల్లుగా మారి ఉంటుంది, ఆ ముల్లు మొదట్లో ఉన్న ఎముక అంచు మీద రంపపు పళ్లలాంటి సన్నని గీతలుంటాయి. చేప ముల్లును చాచినప్పుడు ఆ గీతలు భుజపు ఎముకలోని గాడికి ఒరుసుకొని, ఒక్కొక్క గీత ఒక్కొక్క చిటుకుగా తెగి, మన చెవికి కిర్రుమని వినిపిస్తాయి. చాచిన ముల్లు బిగుసుకుపోయి వల కన్నులో ఇరుక్కోవడానికీ ఆ కీలు నిర్మాణమే కారణం. అయితే దాన్ని ‘అరుపు’ అనకూడదు. స్వరపేటిక లేనిదే అరుపు లేదు.

పెన్న ఒడ్డు, కడప:
అయ్యా, పుస్తకం ఒకటి చెబుతుంది, చెయ్యి ఒకటి చెబుతుంది. చేప కడుపు కింద అరచెయ్యి పెడితే అదురు స్పష్టంగా తెలుస్తుంది. చేప శబ్దం గాలితిత్తి నుంచే వస్తుందని మా నాన్న చెప్పేవారు, ఆయన చేతికి తెలియని చేప లేదు.

పప్పన్నం:
గాలితిత్తి పులుసులో బాగుంటుందన్న సంగతి తప్ప నాకేమీ తెలియదు.

విశ్రాంత అధ్యాపకుడు:
గాలితిత్తితో శబ్దం చేసే చేపలు లేవని నేననలేదు. అట్లాంటిక్ తీరపు టోడ్‌ఫిష్‌కు గాలితిత్తి రెండు పక్కలా కండరాలు అతుక్కొని ఉంటాయి, అవి సెకనుకు సుమారు 200 సార్లు ముడుచుకొని దాని గోడను మద్దెల చర్మంలా అదిలిస్తాయి. వెన్నెముక గల జంతువులలో అంత వేగంగా పనిచేసే కండరాలు బహు అరుదు. జెల్లలో ఎముక ఒరుసుకొన్న అదురే ఒళ్లంతా పాకి మీ అరచేతికి తగులుతుంది.

హంద్రీ నీరు:
బొచ్చెకు గాలితిత్తి నుంచి చెవి దాకా చిన్న ఎముకల వరుస ఉంటుంది కదా, శబ్దం దాని నుంచి రావచ్చు.

విశ్రాంత అధ్యాపకుడు:
అది వినడానికి. 1820లో జర్మన్ శాస్త్రవేత్త వెబర్ వర్ణించిన ఆ ఎముకలు గాలితిత్తి అదురును లోపలి చెవికి చేరవేస్తాయే గాని శబ్దాన్ని పుట్టించవు. దయచేసి రెండింటినీ కలపవద్దు, ‘అరుపు’ అనే మాటనూ వాడవద్దు.

పెన్న ఒడ్డు:
మాట మీదే పట్టుబట్టారు గనుక నేనూ చెబుతాను. ఇంటర్‌లో ఉండగా తరగతిలో లేచి, చేపలు డప్పు కొట్టినట్టు మోగుతాయని మా నాన్న చెప్పారని అన్నాను. పాఠం చెప్పే ఆయన తరగతినంతా నవ్వించి, చేపకు నోరుంటే వలలో పడదని వెక్కిరించారు. ఆ తర్వాత ఆ ఏడాదంతా నేను చెయ్యెత్తలేదు. ఇప్పుడు మీరూ ముల్లు, గాడి అంటూ ఆ తరగతి గదిలోనే నిలబెడుతున్నారు.

సుంకేసుల గట్టు:
ఈ ఉదయం మరో మూడు జెల్లలు తెచ్చి చూశాను. తడిగుడ్డతో రెండు ముళ్లూ కదలకుండా పట్టుకొంటే మూడూ మౌనంగా ఉన్నాయి, ముల్లు వదలగానే కిర్రుమన్నాయి. పెన్న ఒడ్డు అన్నా, మీ నాన్నగారు చెప్పింది జెల్ల గురించేనా?

పెన్న ఒడ్డు:
కాదు. ఎండాకాలంలో ఆయన నెల్లూరు వైపు సముద్రప్పడవల మీద కూలికి వెళ్లేవారు. తెడ్డు పిడికి చెవి ఆనించి, నీటిలో గొరకల గుంపు ఎటుందో చెప్పేవారట. జెల్ల సంగతి నేనే కలిపాను.

విశ్రాంత అధ్యాపకుడు:
గొరక అని మొదటే అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఆ జాతి చేపలకు గాలితిత్తిని మోగించే కండరాలున్నాయి, వాటిలో చాలా రకాల్లో అవి మగవాటికే ఉంటాయి. గుడ్లు పెట్టే కాలంలో ఆ గుంపుల మోత పడవ అడుగు దాకా వినిపిస్తుంది. మీ నాన్నగారు విన్నది నిజమే, తరగతిలో నవ్విన ఆయనదే తప్పు. అయినా దాన్ని అరుపు అనడానికి మాత్రం నేను ఒప్పుకోను.