కొత్త మెషీన్లకు 15 శాతం పన్ను, సర్కారు రాయితీ, బావ పెట్టుబడి – లెక్క కుదురుతుందా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. పటాన్‌చెరు దగ్గర మాకు ప్లాస్టిక్ మోల్డింగ్ షెడ్డు ఉంది. అన్నదమ్ములం ఇద్దరం, పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్. ఇంకో రెండు మెషీన్లు 80 లక్షలకు మాట్లాడాం. డల్లాస్‌లో ఉన్న మా బావ (ఇండియన్ పాస్‌పోర్టే) సగం పెడతానంటున్నాడు. కన్సల్టెంట్ ఏమంటాడంటే: కంపెనీ పెడితే పన్ను 15 శాతమే, మెషీన్ల మీద 15 శాతం రాయితీ, కరెంటుకు యూనిట్‌కు రూపాయి తగ్గింపు, కట్టిన జీఎస్టీ అంతా వెనక్కి, మూడేళ్లలో అసలు చేతికొస్తుందని. బావ ఎక్సెల్ షీట్ పంపమన్నాడు. ఏం రాయాలి?

జవాబు (ఆడిటర్‌ని):
మీ కన్సల్టెంట్ పాత పంచాంగంతో ముహూర్తం పెడుతున్నాడండీ. ఆ 15 శాతం 2019 సెప్టెంబరులో ప్రకటించింది. 2019 అక్టోబరు 1 నుంచి పెట్టిన కంపెనీ, 2024 మార్చి 31లోపు ఉత్పత్తి మొదలుపెడితేనే వర్తిస్తుంది. గడువు దాటింది.

మిగిలింది 22 శాతం. సర్‌చార్జి, సెస్సు కలిపితే 25.17. పాత పద్ధతిలో ఉంటే 400 కోట్ల లోపు టర్నోవరుకు 25, లాభం కోటి దాటకపోతే సెస్సుతో 26. అంటే వందకు రూపాయి కూడా తేడా లేదు. కానీ 22కి వెళ్తే కొత్త మెషీన్ మీద వచ్చే 20 శాతం అదనపు తరుగుదల (మెషీన్ ధరలో ఆ ఏడాది ఖర్చుగా రాసుకునే భాగం) పోతుంది. పైగా ఒకసారి వెళ్తే వెనక్కి రాలేరు. కొత్త మెషీన్లు కొనే ఏడాది తొందరపడకండి.

ఇక రాయితీ. 80 లక్షల మీద 12 లక్షలు వచ్చాయనుకోండి, పుస్తకాల్లో మెషీన్ ధర 68 లక్షలే. తరుగుదల 15 శాతం చొప్పున 12 లక్షల బదులు 10.20 లక్షలు. కరెంటు రాయితీ, జీఎస్టీ వాపసు అయితే నేరుగా ఆదాయమే. 3 లక్షలు వస్తే 75 వేల పైనే పన్నుకు పోతుంది. ఇది ఇవాళ్టి తగువు కాదు. 1968 నాటి ఉమ్మడి రాష్ట్ర జీవో కింద అమ్మకం పన్ను వాపసు తీసుకున్న సాహ్ని స్టీల్ కేసులో, ఉత్పత్తి మొదలయ్యాక ఇచ్చిన సాయం వ్యాపార రాబడేనని సుప్రీంకోర్టు 1997లో తేల్చింది. 2015లో చట్టంలోనే రాసేశారు.

ఇంకో మెలిక: మీ సరుకు ఎక్కడికి పోతుంది?

ప్రశ్న అడిగినవారు:
ముప్పాతిక భాగం పుణె, హోసూరు.

జవాబు (ఆడిటర్‌ని):
అయితే "జీఎస్టీ అంతా వెనక్కి" మర్చిపోండి. రాష్ట్రం తిరిగి ఇచ్చేది తన వాటా జీఎస్టీని, అంటే ఎస్‌జీఎస్టీని. మీరు పుణెకు పంపే బిల్లు మీద పడేది ఐజీఎస్టీ (వేరే రాష్ట్రానికి అమ్మితే పడే జీఎస్టీ), అందులో రాష్ట్రం వాటా మహారాష్ట్రకు పోతుంది. మీకు మిగిలేది లోకల్ అమ్మకాల మీద వచ్చే చిల్లర. తక్కినవాటికి కూడా జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి, ఏ జీవో, ఏ తేదీ వరకు అన్నది రాసుకోండి.

మరో సభ్యుడు:
అన్నా, మా అనుభవం కూడా వినండి. మంజూరు ఉత్తర్వు వచ్చిన రోజు మా నాన్న స్వీట్లు పంచాడు. ఆ కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాం. డబ్బు మూడేళ్లకు వచ్చింది, అదీ సగం. ఈలోపు బ్యాంకు వాయిదా ఆగదు కదా. చిన్నోళ్లకే ఇలా. కొరియా కార్ల కంపెనీ కియాకు పిలిచి మరీ ఇచ్చారు.

జవాబు (ఆడిటర్‌ని):
కియా సంగతి వేరే. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం, పెనుకొండలో 110 కోట్ల డాలర్లు, ఏడాదికి మూడు లక్షల కార్లు. ఆ సైజుకు ప్రభుత్వాలే ఎదురెళ్తాయి. కానీ గమనించండి, వాళ్లు వచ్చేనాటికి 15 శాతం పన్ను పుట్టనే లేదు. పక్క రాష్ట్రంలో, శ్రీపెరంబుదూరులో వాళ్ల గ్రూపుదే అయిన హ్యుందాయ్, దాని విడిభాగాల వాళ్లు, చెన్నై రేవు ఉన్నాయి. పైగా 2024 నుంచి కొరియాలో పెద్ద గ్రూపులకు కనీస పన్ను 15 శాతం ఉంది. ఇక్కడ అంతకన్నా తగ్గిస్తే ఆ తేడా అక్కడ వసూలు చేస్తారు. పన్ను సెలవులు చూపి పెద్దోళ్లను పిలవడం ఇకమీదట అంత తేలిక కాదు.

ప్రశ్న అడిగినవారు:
బావకు లాభం ఎలా పంపాలి? ఫర్మ్‌లోనే చేర్చుకోవచ్చా?

జవాబు (ఆడిటర్‌ని):
ఫర్మ్‌లో చేరొచ్చు, కానీ పెట్టిన సొమ్మును నేరుగా విదేశానికి తిరిగి తీసుకెళ్లే హక్కు లేని పద్ధతిలోనే. కంపెనీ అయితే రెండు దారులు. తీసుకెళ్లే హక్కుతో షేర్లు ఇస్తే వాల్యుయేషన్ సర్టిఫికెట్, కేటాయించిన 30 రోజుల్లో రిజర్వు బ్యాంకుకు విదేశీ పెట్టుబడి వివరాల ఎఫ్‌సీ-జీపీఆర్ ఫారం. ఆ హక్కు లేకుండా పెడితే దేశీయ పెట్టుబడి కిందే లెక్క, ఆ ఫారం గోల లేదు. తర్వాత షేర్లు అమ్మినా డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ఎన్‌ఆర్‌ఐలు ఇక్కడి రాబడి వేసుకునే బ్యాంకు ఖాతా) పడుతుంది, అక్కణ్నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల వరకు పంపుకోవచ్చు. మీ 40 లక్షలకు ఇదే సుఖం. డివిడెండు మీద ఇక్కడ 20 శాతం, సెస్సు అదనం. అమెరికాతో మనకున్న పన్ను ఒప్పందంలో వ్యక్తులకు 25 ఉంది కాబట్టి మన రేటే నయం.

ప్రశ్న అడిగినవారు:
రాయితీల గడులన్నిట్లో సున్నా వేసి షీట్ పంపాను. అసలు రావడానికి ఐదేళ్లు చూపిస్తోంది. బావ రాత్రి ఫోన్ చేసి, "మొదట ఒక మెషీన్ కొందాం, రెండోది పుణె ఆర్డరు చూసి" అన్నాడు. బుధవారం బ్యాంకుకు వెళ్తున్నాం.