‘ఫ్రెస్కో’కి కుడ్యచిత్రం అంటే చాలా?

ప్రశ్న: ఇటలీ ఆవోస్తా లోయలోని ఇస్సోన్యె కోట వసారాలో, కమానుల కింద అర్ధచంద్రాకారంలో ఏడు ఫ్రెస్కో బొమ్మలున్నాయి: రొట్టెల కొట్టు, మాంసం కొట్టు, మందుల కొట్టు, దర్జీ అంగడి, కాపలా గది వగైరా. షాలాన్ వంశపు దొరలు 1500 ప్రాంతంలో వేయించినవి. తెలుగులో ‘కుడ్యచిత్రాలు’ అని రాస్తే సరిపోతుందా?

– సరిపోదండీ. గోడ మీద ఎలా వేసినా కుడ్యచిత్రమే. అజంతావి ఆరిన పూత మీద జిగురు కలిపిన రంగులతో వేసినవి. పత్రికలు వాటినీ ఫ్రెస్కోలనేస్తాయి, అది తప్పు. ఫ్రెస్కో రంగులో జిగురుండదు. నీళ్లతో నూరిన రంగును ఆరని సున్నపు గార మీద వేయాలి. ఆరేకొద్దీ తడిసున్నం పైకొచ్చి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి గట్టిపడి రంగును పట్టేస్తుంది. బడిలో సున్నపుతేటలోకి ఊదితే తెల్లబడేది చూడండి, అదే చర్య.

– ఇటాలియన్‌లో ఫ్రెస్కో అంటే తాజా. మన తాపీమేస్త్రి ‘గార ఇంకా పచ్చిగా ఉంది’ అంటాడే, ఆ పచ్చే. ‘పచ్చిగార బొమ్మ’ అనొచ్చు.

– పని తీరుకీ నప్పుతుంది. ముందు మొరటు గార, దాని మీద గీతలు. పై పూత మాత్రం ఆ రోజు రంగు వేయగలిగినంత మేరకే. మామూలుగా ఒక పాలు సున్నానికి రెండు పాళ్లు సన్న ఇసుక. ఆ ఒక్కరోజు పూత ముక్కని ‘జోర్నాతా’ అంటారు, ‘ఒకరోజు గార’ అనుకోండి. చుక్కలు పడి కింది పని చెడకుండా పైనుంచి కిందికి దిగుతారు. తొందరపడితే కుంచెకి గార లేచొస్తుంది, ఆలస్యమైతే రంగు పట్టక పొడిగా రాలుతుంది. వెలుతురు పక్కవాటుగా పడితే అతుకులు తెలుస్తాయి. అజూరైట్ అనే ఖనిజం నూరి చేసిన నీలాన్ని మాత్రం ఎక్కువగా ఆరాక జిగురుతో వేసేవారు. అందుకే చాలాచోట్ల ముఖాలు నిలిచాయి, నీలం రాలిపోయింది.

– ‘పచ్చి’తో చిక్కుందండోయ్. ఉత్తర ఇటలీలోని బోల్జానో దగ్గర రుంకెల్‌స్టైన్ కోటలో (వింట్లర్ అన్నదమ్ములు 1385లో కొన్నది) ట్రిస్టన్ కథ (యూరప్ పాత ప్రేమగాథ) గది పచ్చమట్టి రంగుతో, అంటే ఆకుపచ్చ మట్టితో వేశారు. పచ్చిగార, పచ్చమట్టి ఒకే పేరాలో పడితే అచ్చుతప్పు ఖాయం. ‘తడిగార’ మేలు.

– (అడిగినవారు) సరే, ‘తడిగార బొమ్మలు’. మొదటిసారి పక్కన ఫ్రెస్కో అని పెడతాను. మరి ‘కోట’? ఇస్సోన్యె నడుమ ముంగిలి, అందులో దానిమ్మ చెట్టు ఆకారంలో ఇనప ఫౌంటెన్. అచ్చం దొరవారి ఇల్లే. ‘గడీ’ అందామా?

– వద్దు. గడీ అనగానే తెలంగాణ పాఠకుడికి వెట్టి గుర్తొస్తుంది. కోటే ఉంచండి.