కీవర్డ్ ఎన్నిసార్లు రాస్తే పేజీ పైకొస్తుంది?

కలంపోటు: మోకాలి నొప్పి మీద ఒక సైటుకి వ్యాసం రాసిచ్చాను. ఎస్ఈఓ, అంటే పేజీని సెర్చ్‌లో పైకి తెచ్చే పని, చూసేవాళ్లు దాన్ని తిరగరాశారు. మొదటి పేరా ఇప్పుడిలా ఉంది: "మోకాలి నొప్పి ఉన్నవారు మోకాలి నొప్పి తగ్గడానికి మోకాలి నొప్పి వ్యాయామాలు చేస్తే మోకాలి నొప్పి తగ్గుతుంది." చదివినవాళ్లకి తలనొప్పి రాదా? ఇలా రాస్తేనే గూగుల్‌లో పైకొస్తుందా?

ర్యాంకురాజు: జనం వెతికే మాట పేజీలో లేకపోతే అది దేని గురించో సెర్చ్ ఇంజిన్‌కి ఎలా తెలుస్తుంది? టైటిల్‌లో, హెడింగ్‌లో, మొదటి పేరాలో ఉండాల్సిందే. మీ రచయితలేమో "కీళ్ల వేదన" అని కవిత్వం రాసి, ట్రాఫిక్ రాలేదని మమ్మల్ని అంటారు.

కలంపోటు: ఉండొద్దని ఎవరన్నారండీ? ఒక్క వాక్యంలో నాలుగుసార్లు ఎందుకు? కీవర్డ్‌లు కుక్కితే స్పామ్ అని గూగుల్ నియమాల్లోనే ఉంది.

పాతకాపు: ఆ మాటల్ని మెటా కీవర్డ్స్ ట్యాగ్‌లో, అంటే చదివేవాళ్లకి కనబడని పేజీ కోడ్‌లో, పెట్టేస్తే పోలా? పేరా జోలికి వెళ్లక్కర్లేదు.

ర్యాంకురాజు: ర్యాంకింగ్‌కి ఆ ట్యాగ్ చూడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది సార్.

కలంపోటు: గూగుల్ చెప్పిన ఆ మాట నమ్ముతారు, స్పామ్ మాట నమ్మరు! 2012లో గూగుల్ ర్యాంకింగ్ పద్ధతికి పెంగ్విన్ అనే అప్‌డేట్ వచ్చిందే ఇలాంటి కుక్కుడు మీదా, కొన్న లింకుల మీదా.

ర్యాంకురాజు: నాకు చరిత్ర పాఠాలొద్దు. ఒక క్లయింట్‌కి ప్రతి పేజీ టైటిలూ "హోమ్" అనే ఉండేది. అన్నీ మార్చాం. ఒకే సరుకు మూడు యూఆర్ఎల్‌లలో (వెబ్ అడ్రసుల్లో) కనిపిస్తుంటే అసలు పేజీ ఏదో చెప్పే కెనానికల్ ట్యాగ్ పెట్టాం. సైటు పైకొచ్చాక "కంటెంట్ బాగుంది" అని రచయితని మెచ్చుకున్నారు. మా బిల్లు మాత్రం ఇప్పటికీ రాలేదు.

కలంపోటు: మీ బిల్లుకీ నా పేరాకీ సంబంధమేంటి?

సర్వర్‌గది: అసలు ఆ పేజీ ఇండెక్స్ అయిందా, అంటే గూగుల్ జాబితాలోకి ఎక్కిందా? గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్ టూల్‌లో యూఆర్ఎల్ వేసి చూడమనండి. టెస్టింగప్పుడు పెట్టిన నోఇండెక్స్ (జాబితాలో చేర్చొద్దని చెప్పే ట్యాగ్) తీయడం చాలామంది మర్చిపోతారు. కొందరు ఇంకా ఘనులు, పేజీ కనబడకూడదని నోఇండెక్స్ పెట్టి, పేజీలు చదివే గూగుల్ ప్రోగ్రాం (బాట్) ఎక్కడికి రావొద్దో రాసే రోబోట్స్ ఫైల్‌లో కూడా బ్లాక్ చేస్తారు. బాట్ లోపలికే రాకపోతే ఆ ట్యాగ్ చదివేదెవరు? బయటి లింకులుంటే ఆ అడ్రస్ రిజల్ట్స్‌లో కనబడనూవచ్చు.

కలంపోటు: నా ప్రశ్న అది కాదండీ.

ర్యాంకురాజు: మీ ప్రశ్నేంటో మీకైనా తెలుసా?

కలంపోటు: తెలుసు. వ్యాసం కింద నా పేరుంది. ఆ వాక్యం నాది కాదు. మార్చేముందు ఒక్క మెసేజ్ పెట్టలేదు. తెలిసినవాళ్లు చదివి "ఇది నువ్వే రాశావా?" అని అడుగుతున్నారు.

ర్యాంకురాజు: అదీ, అలా చెప్పండి! ఇంతసేపూ పెంగ్విన్‌ని ఎందుకు లాగారు? పేరు తీసేయమనండి. ర్యాంకు పడితే ఫోన్ వచ్చేది నాకు.

కలంపోటు: ఫోన్ మీకొస్తే వాక్యం మీదైపోతుందా?

పాతకాపు: టైటిల్, హెడింగులు ఆయనకి వదిలేసి పేరాలు మీరుంచుకోండి.

ర్యాంకురాజు: సరే, మొదటి పేరా తప్ప.

కలంపోటు: గొడవంతా దానితోనే కదా!