అక్క పక్కింట్లో గ్వాటెమాలా వాళ్ళు దాక్కుని ఉన్నారు, అక్కకేమైనా అవుద్దా?

ఉప్పల్_శీను: మా పెద్దనాన్న కూతురు అరిజోనాలో ఉంటది, హెచ్‌వన్‌బీ మీద. వాళ్ళ పక్కింట్లో ఒక రిటైర్డ్ టీచరమ్మ. ఓ రోజు అక్క కూర ఇద్దామని వెళ్తే వంటింట్లో ఒకామె మొక్కజొన్న పిండి ముద్ద తీసుకుని రెండు చేతుల మధ్య టపటపా తడుతోందంట, అచ్చం మా నాయనమ్మ జొన్న రొట్టె చేసినట్టే. అట్లా బయటపడింది. తల్లీ ఇద్దరు పిల్లలూ, అసైలం (ఆశ్రయం) కేసు పోయింది, డిపోర్టేషన్ ఆర్డర్ ఉంది, నాలుగు నెలలుగా ఆ ఇంట్లో వెనక రూములోనే. అప్పట్నుంచి అక్క పప్పు ఎక్కువ వండి గిన్నె పంపిస్తోంది. ఇప్పుడు టీచరమ్మ పిల్లల్ని క్లినిక్‌కి నీ కార్లో తీసుకెళ్తావా అని అడిగిందంట. బావకి తెలీదు, పెద్దమ్మకి అసలే తెలీదు. ఏం చెప్పాలి నేను?

మలక్‌పేట_మామ: ముందు ఊరి పేరు తీసెయ్ రా నాయనా, దాచిపెట్టినోళ్ళ గురించి పబ్లిక్‌లో ఎవరైనా రాస్తారా

ఉప్పల్_శీను: తీసేశా అన్నా 🙏

పాత_పేపర్: ఆ రాష్ట్రంలో ఇది కొత్తేం కాదు. 80ల్లో ఎల్ సాల్వడార్, గ్వాటెమాలాలో సివిల్ వార్‌లు, సైన్యం ఊళ్ళకి ఊళ్ళు తగలబెడుతుంటే జనం ఉత్తరానికి పారిపోయి వచ్చారు, కానీ ఆ ప్రభుత్వాలకి మద్దతిచ్చింది అమెరికానే కదా, వీళ్ళకి ఆశ్రయం ఇస్తే మా దోస్తులు జనాన్ని చంపుతున్నారు అని ఒప్పుకున్నట్టే, అందుకే 1984లో ఈ రెండు దేశాల వాళ్ళ అప్లికేషన్లలో నూటికి మూడు కూడా ఓకే అవ్వలేదు. టూసాన్‌లో జిమ్ కార్బెట్ అని పశువులు పెంచుకునే ఒకాయన జనాన్ని బోర్డర్ దాటించి ఇళ్ళల్లో పెట్టడం మొదలెట్టాడు. జాన్ ఫైఫ్ అనే పాస్టర్ 1982 మార్చి 24న తన చర్చి ముందు నిలబడి మేం వీళ్ళకి ఆశ్రయం ఇస్తున్నాం అని ఓపెన్‌గానే ప్రకటించాడు. సర్కారు ఏం చేసిందో తెలుసా, ఇన్ఫార్మర్లకి టేప్ రికార్డర్లు కట్టి చర్చి మీటింగులకి పంపింది! 1986లో ఆశ్రయమిచ్చిన వాళ్ళలో ఎనిమిది మందిని దోషులన్నారు, జైలు మాత్రం ఎవరికీ పడలేదు, ప్రొబేషన్‌తో వదిలేశారు. 1991లో కోర్టులో సెటిల్‌మెంట్ అయ్యి, కొట్టేసిన ఆ ఆశ్రయం అప్లికేషన్లు మళ్ళీ వినాల్సొచ్చింది.

వీసా_బాధితుడు: అన్నా కథ బానే ఉంది, కానీ ఫైఫ్ గారు సిటిజన్, శీను వాళ్ళక్క కాదు. తెలిసీ దాచిపెడితే అక్కడ క్రిమినల్ కేసే, డబ్బు తీసుకోకపోయినా ఒక్కో మనిషికి ఐదేళ్ళ దాకా శిక్ష రాసుంది. చర్చిల్లోకి ఇమిగ్రేషన్ పోలీసులు వెళ్ళొద్దనే పాత రూలు కూడా 2025 జనవరిలో ఎత్తేశారు. గిన్నెడు పప్పు ఇవ్వడం వేరు, కార్లో తిప్పడం వేరు. వీసాకే ఎసరు. కారు ఎక్కించే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక్కసారి అడగమనండి.

బాలాపూర్_భాయ్: అమెరికా దాకా ఎందుకు, మా దిక్కు రోహింగ్యాలు లేరా. 2012 తర్వాత వచ్చిండ్రు, గుడిసెలల్ల ఉంటరు. యూఎన్ కార్డు ఉంటది, కానీ 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకమే పెట్టలే, శరణార్థుల చట్టమే లేదు మనకు. మా గల్లీ కిరాణా ఆమె వాళ్ళకు ఉద్దెర ఇస్తది, బుక్కుల పేరు రాయదు, "నీలం చున్నీ, 140" అని రాసుకుంటది. ఎందుకమ్మా అంటే పేరుతోని నాకేం పని అంటది.

మలక్‌పేట_మామ: అన్నీ బానే ఉన్నయి గానీ రేపు ఏదైనా అయితే అక్కని ఎవరు చూస్తరు? మీ టీచరమ్మా?

ఉప్పల్_శీను: మీరన్నది కరెక్టే మామా. రాత్రి ఫోన్ చేశా. కారు వద్దులే, ముందు లాయర్‌తో మాట్లాడతా అంది. పప్పు మాత్రం మాననంట, చిన్నపిల్ల ఆవకాయకి అలవాటు పడిందంట, కళ్ళల్లో నీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ అడుగుతోందంట. బావకి నువ్వే చెప్పు అని నా నెత్తిన పెట్టింది, ఈ ఆదివారం చెయ్యాలి ఫోన్.