నాన్నగారి ఫియట్‌కు జిప్సీ ఇంజన్ వేయించాలా, వద్దా?

డిలైట్72 (తెనాలి):

అందరికీ నమస్కారం. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి నాలుగేళ్ల కిందట రిటైరయ్యాను. ఇంట్లో 1972 నాటి ఫియట్ 1100 డిలైట్ ఉంది. నాన్నగారు కొన్నది. ఆయన డాక్టరు. ఆయన పోయాక ఇరవై ఏళ్లుగా నేనే నడుపుతున్నాను. అంటే ఆదివారం కవరు తీసి, తుడిచి, మళ్లీ కప్పేయడం కాదు. కూరగాయల మార్కెట్‌కూ, విజయవాడలో అమ్మాయి ఇంటికీ ఇదే బండి.

మొన్న మేలో దుగ్గిరాల దాటాక రేడియేటర్ గొట్టం చిట్లింది. టెంపరేచర్ ముల్లు పనిచేయడం మానేసి ఏడాదైంది, బాగు చేయించకపోవడం నా తప్పే. బానెట్ సందుల్లోంచి ఆవిరి కనబడేసరికి ఆలస్యమైపోయింది. దీనికి హెడ్, అంటే సిలిండర్ల మీది మూత, అల్యూమినియంది, వేడికి వంగింది. సిలిండర్లలో గీతలు పడ్డాయి. చూసిన మెకానిక్ "మాస్టారూ, ఇది పీకేసి మారుతి వాళ్ల జిప్సీ జీపు ఇంజన్ దింపేద్దాం. 1300 సీసీ, ఐదు గేర్లు, ఏసీ పెట్టినా లాగుతుంది" అన్నాడు.

నా మనసు సగం అటే ఉంది. మా ఆవిడ ఓటు పూర్తిగా అటే. వంటింటి గట్టు మీద నేను కార్బొరేటర్ విప్పి కూర్చోవడం ఇకనైనా ఆగుతుందని ఆవిడ ఆశ. మీరేమంటారు? ఇంజన్ మారిస్తే అది నాన్నగారి బండే అవుతుందా?

మార్క్‌త్రీ (విశాఖ):

వద్దు మాస్టారూ. ఒక్క మాటలో చెప్పమంటే అంతే. కారణాలు కూడా చెబుతాను.

మీ బండికి యాభై ఏళ్లు దాటాయి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం, తయారైనప్పటి రూపంలోనే ఉన్న బండికి 'వీఏ' సిరీస్ నంబరు ఇస్తారు. ఫీజు 20 వేలు. ఛాసిస్ (కింది చట్రం)లోగానీ బాడీలోగానీ ఇంజన్‌లోగానీ మార్పులు చేస్తే ఆ అర్హత పోతుంది. మెకానిక్‌కు ఇది రెండు రోజుల పని. మీకు మళ్లీ రాని అవకాశం.

నాది 1976 అంబాసిడర్ మార్క్ 3. 1489 సీసీ పాత బీఎంసీ (బ్రిటన్ కంపెనీ) ఇంజనే. 2000లో సీసం కలిపిన పెట్రోలు పూర్తిగా పోయినప్పుడు అందరూ నన్ను భయపెట్టారు. నా బండి హెడ్ పోత ఇనుముది. వాల్వు కూర్చునే అంచును సీసమే కాపాడేది, అది లేకపోతే అంచు అరిగి వాల్వు లోపలికి దిగిపోతుంది. ఇంజన్ మార్చెయ్యమని ఇలాగే చెప్పారు. నేను వాల్వులు కూర్చునే చోట గట్టి సీట్లు కొట్టించాను. ఇప్పటికీ అదే ఇంజన్. ఓపిక ఉంటే పాత ఇంజన్‌కు దారి లేకపోలేదు.

పాత800 (హైదరాబాద్):

మార్క్‌త్రీ గారూ, సగమే చెప్పారు. ఆ వీఏ నంబరు తీసుకుంటే బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకో ర్యాలీకో తీసుకెళ్లాలి, లేదంటే పెట్రోలుకూ రిపేరుకూ. మాస్టారు దీనిలో కూరగాయలు తెచ్చుకుంటారట. ఆయనకు ఆ నంబరు ఇవ్వడమంటే నడిచే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టడమే.

మాది 1987 మారుతి 800. నేను ఆ కారులోనే డ్రైవింగ్ నేర్చుకున్నాను, ఇప్పుడు మా అబ్బాయి నేర్చుకుంటున్నాడు. సీట్లు మార్చాం, సెల్ఫ్ మార్చాం, ముందు చక్రాల దగ్గర ఏమేం ఉంటాయో అన్నీ మార్చాం. బాధేమీ లేదు. ఇక్కడ పెద్దవాళ్లందరూ పాత కార్ల గురించి రాస్తుంటే నాకో సంగతి గుర్తొస్తుంది. మా తాతగారి అంబాసిడర్ ఆగినప్పుడల్లా తోసింది మా అమ్మా, మా పిన్నీ. తాతగారు స్టీరింగ్ దగ్గర కూర్చునేవారు. ఆ కారంటే ఎంత ముచ్చటో మా అమ్మను అడగండి!

మార్చేయండి సార్. నడవని కారు ఎంత ఒరిజినల్ అయితే ఏం లాభం?

మార్క్‌త్రీ (విశాఖ):

అమ్మా, తోసే బాధ నిజమే, కాదనను. కానీ చట్టం సంగతి కూడా చూడాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఫియట్‌లో జిప్సీ ఇంజన్ పెట్టి, రేపు ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది ఆర్సీలో ఇంజన్ నంబరు.

ఛార్జింగ్‌లో (కూకట్‌పల్లి):

ఇంధనం మార్చడానికి అదే సెక్షన్‌లో వెసులుబాటు ఉంది కదా. అనుమతి ఉన్న కిట్‌తో బ్యాటరీ బండిగా మార్చుకోవచ్చు. పొగ లేదు, గొట్టాలు లేవు, ఆవిరి లేదు. మాస్టారు ఆలోచించవచ్చు.

డిలైట్72 (తెనాలి):

బాబూ, మంచి ఆలోచనే. కానీ శబ్దం లేని ఫియట్‌లో నేనెక్కి కూర్చుంటే బండి స్టార్ట్ కాలేదనుకుంటాను.

అందరి మాటలూ చదివాను. పాత800 గారి తాతగారి సంగతి చదివి నవ్వొచ్చింది, తర్వాత కొంచెం సిగ్గేసింది. మా ఇంట్లో తోసింది కాంపౌండరు.

నాకు పదేళ్లప్పుడు వచ్చింది ఈ బండి. అప్పట్లో డబ్బుంటే చాలదు. బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. బుక్ చేసిన రసీదును నాన్న మా స్థలం దస్తావేజులతో కలిపి బీరువాలో పెట్టారు. కారొస్తోందని తెలిశాక మా వీధిలో సగం మంది మా అరుగు మీదే ఉన్నారు.

ఫియట్‌లో ముందు సీటు ఒకటే పొడుగు బల్లలా ఉంటుంది, గేరు కడ్డీ స్టీరింగ్ పక్కనే ఉంటుంది. కాళ్ల దగ్గర ఏమీ అడ్డుండదు కాబట్టి ముందు ముగ్గురం కూర్చునేవాళ్లం. కిటికీ వైపు నాయనమ్మ, మధ్యలో నేను. పల్లెలకు పేషెంట్లను చూడ్డానికి వెళ్లేటప్పుడు నన్నూ తీసుకెళ్లేవారు. మట్టిరోడ్డు మీద ఎవరూ లేనప్పుడు నాన్న క్లచ్ తొక్కి "ఊఁ" అనేవారు. నేను కడ్డీని కిందికి లాగేవాణ్ణి. మళ్లీ "ఊఁ" అంటే పైకి. తప్పు పడితే గరగరమని అరిచేది. నాన్న ఏమీ అనేవారు కాదు, నాయనమ్మ మాత్రం "పాపం దానికి నొప్పి" అనేది.

ఎండాకాలంలో నాకింకో ఉద్యోగం ఉండేది. ఎండకు పెట్రోలు పంపులోనే ఆవిరైపోయి బండి ఆగిపోతే, తడిగుడ్డ పంపు మీద చుట్టి పది నిమిషాలు కూర్చోవాలి. ఆ గుడ్డా, నీళ్ల సీసా నా పూచీ. ఒకసారి సీసాలో నీళ్లు నేనే తాగేశాను. ఆ రోజు కాలవలోకి దిగాల్సి వచ్చింది.

1977 నవంబరులో దివిసీమ ఉప్పెన తర్వాత నాన్న దీనిలోనే మందుల పెట్టెలు వేసుకుని రేపల్లె వైపు వెళ్లారు. రోడ్డు ఉన్నంతవరకే కారు, అక్కణ్ణుంచి ట్రాక్టరు, ఆపైన నడక. నాలుగో రోజు తిరిగొచ్చారు. ఆ ప్రయాణం గురించి ఆయన మాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయన మైలేజీ డైరీలో ఆ నాలుగు రోజులకూ కిలోమీటర్లు రాసి ఉన్నాయి, అంతే. ఆ డైరీ నేనిప్పటికీ కొనసాగిస్తున్నాను. రిటైరయ్యాక హాబీ ఏమిటని ఎవరైనా అడిగితే అదే చెబుతాను. పాత కార్ల బ్రోచర్లు పోగేయడం కూడా ఉందనుకోండి, ఆ సంగతి ఇంట్లో తెలియదు.

ఇంత రాశాను కదా అని నన్ను పాతకాలం మనిషిగా లెక్కేయకండి. నాన్న ఈ బండికి ఏనాడూ పూజ చేయలేదు. దసరాకు నిమ్మకాయలు తొక్కించడం తప్ప. పాడైతే బాగు చేయించారు, బాగవ్వకపోతే మార్చారు. అందుకే నాకు అనుమానం. ఆయనుంటే జిప్సీ ఇంజన్ వేయించేసేవారేమో.

తమ్ముడు_డాలస్:

ఇక్కడ టెక్సస్‌లో 25 ఏళ్లు దాటిన బండికి యాంటిక్ ప్లేటు ఇస్తారు. దాన్నీ రోజూ ఆఫీసుకు తీసుకెళ్లకూడదు. అందుకని చాలామంది మామూలు ప్లేటే ఉంచుకుని, 60ల నాటి బాడీ కింద కొత్త ఇంజన్, కొత్త బ్రేకులు పెట్టించుకుంటారు. రెస్టోమాడ్ అంటారు. అందరూ మెచ్చుకుంటారు. మన దగ్గరే ఈ మడీ ఆచారమూ ఎక్కువ.

మార్క్‌త్రీ (విశాఖ):

తమ్ముడూ, అక్కడ లక్షల్లో మిగిలాయి కాబట్టి నాలుగు కోసినా ఫరవాలేదు. ఇక్కడ ముంబై రోడ్ల మీద తిరిగిన చివరి పద్మిని టాక్సీకి 2023 అక్టోబరు 29తో ఇరవై ఏళ్ల గడువు తీరిపోయింది. అదీ మిగులు. డిలైట్ అంతకంటే అరుదు. 1973లో దాని పేరు ప్రెసిడెంట్ అయింది, మరుసటేడాది పద్మిని అయింది. డిలైట్ అని రాసున్న బండి మీ జిల్లాలో ఇంకెన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

ఇంకొకటి. మాస్టారు చెప్పిన కథంతా గేరు కడ్డీ గురించే. జిప్సీ గేరుబాక్సు పెడితే కడ్డీ కాళ్ల మధ్యకు వస్తుంది. నేలకు కన్నం పెట్టాలి. ముందు సీటు కొయ్యాలి. మెకానిక్ ఈ మాట చెప్పాడా?

లేత్‌పని (విజయవాడ ఆటోనగర్):

ఇంతసేపూ ఎవరూ అడగలేదు కాబట్టి అడుగుతున్నా. మాస్టారూ, బ్లాక్ (సిలిండర్లుండే దిమ్మ) పగిలిందా, గీతలే పడ్డాయా? గీతలైతే చచ్చిపోయినట్టు కాదు. సిలిండర్లకు బోరు కొట్టించి లోపల కొత్త గొట్టాలు, అదే స్లీవులు, దించితే చాలు. హెడ్ ఎంత వంగిందో స్కేలు పెట్టి చూడాలి, తక్కువైతే ఫేసింగ్ చేస్తాం, అంటే చెక్కి చదును చేస్తాం. పద్మినిదీ అదే 1089 సీసీ ఇంజన్ కదా, పిస్టన్లు, గ్యాస్కెట్లు ఇంకా దొరుకుతున్నాయి. పదేళ్ల తర్వాత సంగతి చెప్పలేను.

ఇప్పుడు పెట్రోలులో ఎథనాల్ 20 శాతం కలుస్తోంది. పాత రబ్బరు దానికి ఆగదు. మీ గొట్టం సంగతి అది కాదు, అది నీళ్లది. కానీ పెట్రోలు పైపులూ, పంపులో ఉండే రబ్బరు పొర డయాఫ్రమూ ముందే మార్చేయండి. కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే జెట్ కూడా ఒక సైజు పెంచాలి, లేకపోతే మిశ్రమం పలచబడి ఇంజన్ ఇంకా వేడెక్కుద్ది. ఇవన్నీ చేయించకుండా ఒరిజినల్ ఒరిజినల్ అంటే ఇంకో మే నెలలో ఇంకో దుగ్గిరాల.

రేపు ఆర్సీ పుస్తకం, బ్లాక్ మీది నంబరూ ఫొటో తీసి పెట్టుకోండి. లేత్‌కు ఎక్కించాక నంబరు మీద దెబ్బ తగిలితే తలనొప్పి.

పాత800 (హైదరాబాద్):

స్లీవులు, జెట్లు, పైపులు, డయాఫ్రమ్. ఇన్ని మార్చాక మిగిలే ఒరిజినల్ ఏమిటో మార్క్‌త్రీ గారు చెప్పాలి.

మార్క్‌త్రీ (విశాఖ):

బ్లాక్ అమ్మా. నంబరున్న బ్లాక్. దాని మీద చెయ్యి పెడితే 1972.

డిలైట్72 (తెనాలి):

లేత్‌పని చెప్పాడని పొద్దున బీరువా తీశాను. ఆర్సీ పుస్తకం ఇన్నేళ్లలో చాలాసార్లు చూశాను, ఎప్పుడూ మొదటి పేజీయే. ఇవాళ బ్లాక్ మీద మసి గీకి నంబరు చూస్తే, పుస్తకంలో ఉన్నదానికి ఒక్క అంకె కూడా కలవలేదు. గుండె దడదడలాడింది, ఇరవై ఏళ్లుగా దొంగబండి నడుపుతున్నానా అని. తర్వాత వెనక పేజీలు తిప్పాను. 1984లో ఎర్ర సిరాతో ఒక ఎంట్రీ, రబ్బరు స్టాంపు, సంతకం. ఇంజన్ మార్పు. అదే కంపెనీ, అదే రకం, కొత్త నంబరు. అది కలిసింది.

అంటే నేను పాడు చేశానని నెల రోజులుగా కుమిలిపోతున్న ఇంజన్ అసలు నా చిన్నప్పటిది కానే కాదు. 1984లో నాకు ఇరవై రెండేళ్లు, ఎమ్మెస్సీ చదువుతూ హాస్టల్లో ఉన్నాను. నాన్న ఒక్క ముక్క చెప్పలేదు. డైరీ తీసి చూశాను. ఆ నెలలో మూడు వారాలు ఖాళీ. తర్వాత మళ్లీ కిలోమీటర్లు మొదలు.

మార్క్‌త్రీ గారూ, మీరు చెయ్యి పెట్టమన్న చోట 1972 లేదు.

పాత800 (హైదరాబాద్):

సార్, మీ నాన్నగారికి నా నమస్కారాలు.

మార్క్‌త్రీ (విశాఖ):

నవ్వండి, నవ్వండి. కానీ అదే రకం ఇంజన్ పెట్టారు, అనుమతి తీసుకున్నారు, పుస్తకంలో ఎక్కించారు. జిప్సీది పెట్టలేదు.

పాత800 (హైదరాబాద్):

1984లో జిప్సీ లేదండీ. నా కారుకు ముందు తరం మారుతి 800 వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఉంటే ఏం చేసేవారో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

డిలైట్72 (తెనాలి):

నాకూ తెలియదు. రాత్రి షెడ్డులోకి వెళ్లి బండిలో కూర్చున్నాను. క్లచ్ తొక్కి గేరు కడ్డీ ఒకటికి నాలుగుసార్లు అటూ ఇటూ లాగాను. మా ఆవిడ వచ్చి లైటు వేసి, "ఇంజనే లేని బండికి గేర్లెందుకండీ" అని వెళ్లిపోయింది. హెడ్ విప్పి ఉంది మరి.

సోమవారం బ్లాకూ హెడ్డూ ఆటోనగర్ పంపిస్తున్నాను. జిప్సీ వద్దనుకున్నాను. వింటేజ్ నంబరు కూడా వద్దు. కూరగాయలు ఎవరు తెస్తారు?

లేత్‌పని, హెడ్ మరీ వంగి ఫేసింగ్‌కు లొంగకపోతే పాత హెడ్ ఎక్కడైనా దొరుకుతుందా? అలాగే టెంపరేచర్ మీటరు ఒకటి కావాలి. పద్మినిది సరిపోతుందా?

లేత్‌పని (విజయవాడ ఆటోనగర్):

హెడ్ చూశాక చెప్తా సార్. పొద్దున పది లోపు పంపండి, పదకొండు తర్వాత కరెంటు తీస్తామన్నారు.

మార్క్‌త్రీ (విశాఖ):

మీటరు నా దగ్గర ఒకటి ఉంది, పద్మినిది. డబ్బులొద్దు, కొరియర్ చేస్తాను. ముల్లు ఒక్కటే మార్చి ఊరుకోకండి, ఇంజన్ దగ్గర ఉండి ముల్లుకు వేడి సంగతి చెప్పే సెండర్ కూడా మార్చండి. మీది పాడైంది అదే అయ్యుంటుంది.