చీటీ తీస్తే సీను మారే నాటకం: మధ్యలో కథ తెగిపోతోంది, ఏం చేయాలి?

మాది దేవరకొండ దగ్గర ఊరు. ఆరుగురం కలిసి బోరు అప్పుల మీద నలభై నిమిషాల నాటకం ఆడుతున్నాం. మొదటి సీను, ఆఖరి సీను మారవు. నడిమి నాలుగు మాత్రం జనంతో చీటీలు తీయించి, ఆ వరసలో ఆడతాం. మొదటి ఊళ్లో బాగానే నడిచింది. రెండో ఊళ్లో కొడుకు హైదరాబాద్‌లో ఆటో తోలే సీను ముందొచ్చింది, బోరు ఎండే సీను తర్వాత పడింది. "నీళ్లుండంగ పిల్లగాడు ఎందుకు పోయిండు?" అని ఒకావిడ అరిచింది. మా దగ్గర జవాబు లేదు.

ఇంకోటి. "మీరైతే ఏం చేస్తారు?" అని మైకు తిప్పితే ఎవరూ లేవలేదు. చివరికి ఒక పెద్దాయన లేచి తన ఏడు బోర్ల కథ ఇరవై నిమిషాలు చెప్పాడు. మా నాటకం కన్నా అదే బాగుంది, అది వేరే మాట. ఆఖరి సీనుకు జనం లేరు.

జవాబు, మహబూబ్‌నగర్ నుంచి:
నాలుగు సీన్లంటే 24 వరసలు తమ్మీ. అన్నీ రిహార్సల్ చేశారా? 1935లో న్యూయార్క్ బ్రాడ్వే నాటకశాలల్లో 'జనవరి 16 రాత్రి' అని కోర్టు నాటకం ఆడారు. ప్రేక్షకుల్లోంచే జ్యూరీని కూర్చోబెట్టేవారు, ముగింపులు రెండే: దోషి, నిర్దోషి. మీరు కూడా కథను ఒక్కచోటే, రెండు దారులుగా చీల్చండి. బోరు సీనును మొదటి సీనులో కలిపేయండి, చీటీ గోల చాలా తగ్గుతుంది.

జవాబు, నల్లగొండ నుంచి:
మైకు ఇస్తే ఉపన్యాసమే వస్తుంది. బ్రెజిల్‌కు చెందిన అగస్టో బోల్ మొదలుపెట్టిన ఫోరం థియేటర్‌లో ముందు నాటకం మొత్తం ఆడతారు. రెండోసారి ఆడేటప్పుడు ప్రేక్షకుల్లో ఎవరైనా "ఆపండి" అని, కష్టపడే పాత్ర స్థానంలోకి వస్తారు. మిగతా నటులు తేలిగ్గా లొంగరు. జోకర్ అనే మనిషి మధ్యలో నడిపిస్తాడు. ఆ పెద్దాయన్ని రైతు పాత్రలో నిలబెట్టి, అప్పిచ్చినాయన్ని ఎదురుగా పంపితే కథ చెప్పే తీరికే ఉండేది కాదు!

అడిగినతని మాట:
అక్కా, జోకర్‌గా మా డోలు కొట్టే మామను పెడతాను. ఒగ్గు కథలో పక్కవాడు మధ్యలో అడ్డం తగిలి అడగడం ఆయనకు అలవాటే. చీటీలు ఇక రెండే. ఆ పెద్దాయన్ని మాత్రం మళ్లీ పిలవాలని ఉంది, వస్తాడో రాడో.