చెరువు లేకుండా బాతులు పెంచొచ్చా?

కొబ్బరితోట:
నమస్తే అండీ. మాది తణుకు దగ్గర పల్లె. ఇంటి వెనక ఐదారు సెంట్ల దొడ్డి ఉంది కానీ దగ్గర్లో చెరువూ కాలవా లేవు. గుడ్ల కోసం పది ఖాకీ క్యాంప్‌బెల్ బాతులు తెద్దామనుకుంటుంటే, ఈదడానికి నీళ్లు లేనిదే అవి గుడ్డు పెట్టవని మా అత్తయ్య ఒకటే గొడవ. నాటుకోళ్లకు వేసే మేతే వీటికీ వేసేయొచ్చా? పిల్లల్ని ఇంట్లోనే పొదిగించుకోవచ్చా?

గట్టుమీద:
ఈత లేకపోయినా గుడ్లు పెడతాయి, ఆ టెన్షన్ వద్దు. తాగే నీళ్లు మాత్రం లోతుగా ఉండాలి. బాతు కొంచెం మేత తిని నీళ్ల దగ్గరకు పరిగెత్తి, కళ్ల దాకా తల ముంచి విదిలించుకుంటుంది, లేకపోతే ముక్కు రంధ్రాల్లో పిండి గట్టిపడి మూసుకుపోతాయి, కళ్లు పుసి కడతాయి. కోళ్లకు పెట్టే మూకుడు పనికిరాదు. మేత తడిపి, తొట్టి పక్కనే పెట్టండి. చుట్టూ బురద మాత్రం ఖాయం, ఇసుక పోసుకోవాల్సిందే.

పశువుల డాక్టర్:
మేత విషయంలో కోడీ బాతూ ఒకటి కాదు. బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న అస్సలు వేయొద్దు. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్‌ను కోడి కొంత తట్టుకుంటుంది, బాతుపిల్లకు కాలేయం దెబ్బతిని చచ్చిపోతుంది. అసలు ఆ విషం బయటపడిందే 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు. అప్పుడు బాతుపిల్లలూ పోయాయి, చివరికి చూస్తే కారణం మేతలో కలిపిన వేరుశనగ పిండి. ఇంకోటి, బాతుపిల్లలకు నియాసిన్ అనే బి విటమిన్ కోడిపిల్లల కన్నా ఎక్కువ కావాలి, తగ్గితే కాళ్లు వంకరపోతాయి. డక్ ప్లేగు టీకా గురించి మీ పశువుల ఆసుపత్రిలో అడగండి.

నాటుపెట్ట:
ఖాకీ క్యాంప్‌బెల్ పొదగదండీ, దాన్ని గుడ్ల కోసమే తయారుచేశారు, మేపు బాగుంటే ఏడాదికి మూడొందల దాకా పెట్టేవి కూడా ఉంటాయి. మీ దగ్గర నాటుకోళ్లు ఉన్నాయిగా, పొదుగు మీదున్న పెట్ట కింద పది గుడ్లు పెట్టేయండి. కోడి గుడ్లకు 21 రోజులైతే వీటికి 28, ఆఖరి వారం గుడ్ల మీద కాస్త గోరువెచ్చని నీళ్లు చిలకరించాలి. ఆరేడు ఆడబాతులకు ఒక మగబాతు చాలు. ఈకలు పూర్తిగా వచ్చాక తోక మీద ఉంగరం తిరిగిన ఈక ఉన్నది మగది, గట్టిగా అరిచేది ఆడది. అన్నట్టు, పొద్దున్న తొమ్మిదయ్యే దాకా గూడు తలుపు తీయకండి. ఎక్కువగా తెల్లారుజామునే పెడతాయి, ముందే వదిలితే గుడ్లు ఏ పొదలోనో వెతుక్కోవాలి.

కొబ్బరితోట:
చాలా థాంక్స్ అండీ. తొట్టి బదులు సగానికి కోసిన డ్రమ్ము పెడితే?

గట్టుమీద:
పెద్దవాటికి పెట్టండి, ఎక్కడానికి ఓ ఇటుక వేసి. పిల్లలకు మాత్రం వద్దు. తల్లి బాతు లేని పిల్లల నూగు ఇట్టే తడిసిపోతుంది, బయటికి ఎక్కలేక మునిగిపోతాయి. వాటికి తల మాత్రమే పట్టే చిన్న గిన్నె, అందులో నాలుగు గులకరాళ్లు, అంతే.